రన్‌వే పక్క ఊళ్ల ప్రశ్నలు

విమానాశ్రయాల విస్తరణ మీద, వాటికిచ్చే పర్యావరణ అనుమతుల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబిస్తున్నాం. ముందుగా ఒక మాట. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో దొంగ అంకెలు పట్టుకోవాలని వెతికి అలిసిపోయేవాళ్లను చాలామందిని చూస్తున్నాం. అంకె సాధారణంగా సరిగానే ఉంటుంది. దాన్ని ఏ నెలలో కొలిచారు, ఏ చోట కొలిచారు, ఎన్ని విమానాలకు లెక్కకట్టారు అన్న దగ్గరే ఊరికి దెబ్బ తగులుతుంది. కింది జవాబుల్లో చాలావరకు ఆ చోట్లను చూపించడానికే.

ప్రశ్న: మా మండలంలో ఉన్న విమానాశ్రయం రన్‌వేని పొడిగిస్తున్నారు. 'పాత విమానాశ్రయమే కదా, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు' అంటున్నారు. నిజమేనా?

అంత తేలిగ్గా తేలే సంగతి కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ షెడ్యూల్‌లో విమానాశ్రయాలు 7(ఎ) కింద ఉన్నాయి. వాణిజ్య విమానాశ్రయాలన్నీ 'ఎ' కేటగిరీలోకి వస్తాయి, అంటే అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ. ఉన్న ఆవరణ దాటకుండా టెర్మినల్ భవనం మాత్రమే పెంచుకునేవాటికి 2022 జూలై సవరణతో తేలిక దారి ఇచ్చారు. రన్‌వే పొడిగింపు, కొత్త భూమి తీసుకోవడం ఆ దారిలో పోవు. కాబట్టి మీరు మొదట అడగాల్సింది ఇది: పెరుగుతున్నది భవనమా, రన్‌వేనా, హద్దులా?

విస్తరణకు ఏ మేరకు అధ్యయనం కావాలి, ప్రజాభిప్రాయ సేకరణ జరపాలా వద్దా అన్నది అదే నోటిఫికేషన్‌లోని 7(ii) పేరా ప్రకారం నిపుణుల మదింపు కమిటీ తేలుస్తుంది. ఆ నిర్ణయం అధ్యయనానికి విధివిధానాలు ఇచ్చే ఉత్తరంలో రాతపూర్వకంగా ఉంటుంది. వాడుకలో దాన్ని 'టీఓఆర్' అంటారు. పర్యావరణ అనుమతుల కోసం మంత్రిత్వ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా పేర్లతో వెతికితే దరఖాస్తు, టీఓఆర్, కమిటీ సమావేశాల మినిట్స్ దొరుకుతాయి. మినిట్స్ తప్పక చదవండి. కమిటీ అడిగిన ప్రశ్నలు, వాటికి యాజమాన్యం చెప్పిన జవాబులు అందులోనే ఉంటాయి. పోర్టల్‌లో దొరక్కపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

విస్తరణల విషయంలో మన ఊళ్లకు పనికొచ్చే పట్టు ఇంకొకటి ఉంది. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. విస్తరణ అనుమతి అడిగే యాజమాన్యం, తన పాత అనుమతిలోని షరతులను ఎంతవరకు పాటించిందో మంత్రిత్వ శాఖ ప్రాంతీయ కార్యాలయం చేత ధ్రువీకరించుకుని తేవాలి. ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో, తెలంగాణకు హైదరాబాద్‌లో ఈ కార్యాలయాలున్నాయి. పాత అనుమతిలో 'ప్రహరీ వెంట చెట్ల వరుస', 'వర్షపు నీటి కాలువ', 'శబ్దం నిరంతరం నమోదు చేసే యంత్రం' లాంటివి రాసి ఉండి, అవి నేల మీద కనబడకపోతే, తేదీ పడే ఫొటోలతో ఆ కార్యాలయానికి ఉత్తరం రాయండి. ధ్రువీకరణకు అధికారులు వచ్చేలోగా రాయాలి. తరువాత రాస్తే ఫైలు దాటిపోతుంది.

ప్రశ్న: వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ ఉందని పేపర్లో ప్రకటన పడింది. ఊరంతా వెళ్దామనుకుంటున్నాం. ఎలా సిద్ధమవ్వాలి? ఏం అడగాలి?

ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ప్రకటన ఒక జాతీయ దినపత్రికలోనూ, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో లేదా నగరపాలక సంస్థలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, సంబంధిత స్థానిక సంస్థల దగ్గర చూడ్డానికి అందుబాటులో ఉండాలి. సారాంశం తెలుగులో ఉండి తీరాలి. వీటిలో ఏది జరక్కపోయినా ఆ రోజే కలెక్టర్‌కు, కాలుష్య నియంత్రణ మండలికి రాసి, రసీదు తీసుకుని దాచుకోండి. సభలో నిలబడి 'మాకు నివేదిక ఇవ్వలేదు' అనడం కన్నా పదిహేను రోజుల ముందు ముద్ర వేయించుకున్న కాగితం చాలా బరువు తూగుతుంది.

సభకు కలెక్టరో, ఆయన తరఫున అదనపు కలెక్టర్ స్థాయి అధికారో అధ్యక్షత వహిస్తారు. కోరం అంటూ ఏమీ లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. కాబట్టి 'బహిష్కరిస్తే సభ ఆగిపోతుంది' అన్న నమ్మకం చట్టం ముందు నిలవదు. మీ మాటలు లేని మినిట్స్ ఢిల్లీకి వెళ్తాయి, అంతే. సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో కార్యక్రమ వివరాలు తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు అధ్యక్షుడు సంతకం చేయాలి. చాలాచోట్ల జనం మాట్లాడేసి భోజనాలకు వెళ్లిపోతారు, ఆ చదవడం ఎవరూ వినరు. కనీసం ఐదుగురు చివరిదాకా కూర్చోండి. యాజమాన్యం నోటిమాటగా ఇచ్చిన హామీ ఏదైనా ఉంటే అది మినిట్స్‌లో చేరిందో లేదో చూడండి. సభలో ఇచ్చిన హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో పరిమాణం, గడువులతో చేరాలని 2020 సెప్టెంబరులో మంత్రిత్వ శాఖ ఆదేశించింది. నమోదైతేనే ఆ ఆదేశం మీకు పనికొస్తుంది.

ఏం అడగాలంటే, ముందు దరఖాస్తు ఫారం తెరవండి. విమానాశ్రయం నుంచి 15 కిలోమీటర్ల లోపలున్న చెరువులు, అడవులు, బడులు, ఆసుపత్రులు, రక్షిత ప్రాంతాలన్నీ అందులో రాయాలి. మీ ఊరి చెరువు, హైస్కూలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ జాబితాలో ఉన్నాయా? లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం. గోవాలోని మోపా విమానాశ్రయం విషయంలో ఈ దాచివేతే అనుమతికి ఎసరు తెచ్చింది. చుట్టుపక్కల అడవులు, సున్నిత ప్రాంతాల సంగతి ఫారంలో సరిగా చెప్పలేదని సుప్రీంకోర్టు 2019 మార్చి 29న ఆ అనుమతిని నిలిపివేసి, కమిటీని మళ్లీ పరిశీలించమంది. అదనపు షరతులు పెట్టి, నాగపూర్‌లోని నీరి సంస్థ పర్యవేక్షణ కింద 2020 జనవరిలో గానీ పని మళ్లీ సాగలేదు.

రెండోది మట్టి. దీని గురించి అడిగేవాళ్లు దాదాపు ఉండరు, కానీ మొదటి రెండేళ్లు ఊరు పడే బాధంతా దీనివల్లే. రన్‌వే చుట్టూ వంద హెక్టార్ల నేలను ఒక్క మీటరు ఎత్తు లేపాలంటే పది లక్షల ఘనపు మీటర్ల మట్టి కావాలి. టిప్పరుకు 14 ఘనపు మీటర్లు వేసుకుంటే డెబ్బై వేల ట్రిప్పులు దాటుతుంది. ఆ మట్టి ఏ గుట్ట నుంచి, ఏ చెరువు నుంచి వస్తుంది? ఏ రోడ్డు మీద, ఏ గంటల్లో? బడి వదిలే వేళ ఆపుతారా? రోడ్డు పాడైతే ఎవరు వేస్తారు? దుమ్ముకు నీళ్లు చల్లుతామని రాస్తారు గదా, ఆ నీళ్లు ఎక్కడివి? బోరు నీళ్లయితే రోజుకు ఎన్ని ట్యాంకర్లు? గాలి నాణ్యతకు జాతీయ ప్రమాణాలు 24 గంటల సగటున, ఘనపు మీటరు గాలికి, సన్నటి దుమ్ము కణాలైన పీఎం 10కు 100, అంతకన్నా సన్నటి పీఎం 2.5కు 60 మైక్రోగ్రాములు. పని నడిచినన్నాళ్లూ టిప్పర్ల రోడ్డు పక్కనే కొలవాలని, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద పెట్టాలని అడిగి రాయించుకోండి.

మూడోది, గాలి, నీరు, శబ్దం మీద ప్రాథమిక కొలతలు ఎప్పుడు తీశారన్నది. సాధారణంగా వానాకాలం వదిలి ఒక్క సీజన్, మూడు నెలలు కొలుస్తారు. నివేదిక సమర్పించేనాటికి ఆ కొలతలు మూడేళ్ల కన్నా పాతవి కాకూడదు. వేసవిలో చూసిన వాగు ఎండి ఉంటుంది కాబట్టి 'ఋతుకాలపు చిన్న కాలువ' అని రాసేస్తారు. ఆగస్టులో అదే వాగు మీ పొలాల మీదికి ఎంత ఎత్తున వస్తుందో మీ దగ్గర ఫొటోలుంటే, అవే జవాబు.

మాట్లాడినదంతా రాసి కూడా ఇవ్వండి. సర్వే నంబరు, పేజీ నంబరు వేసి, ఒక్కో అభ్యంతరానికి ఒక్కో అంకె పెట్టండి. తుది నివేదికలో ప్రతి అభ్యంతరానికీ యాజమాన్యం సమాధానం చూపాలి. కలగాపులగంగా రాసిన ఉత్తరానికి 'గమనించాం' అన్న ఒక్క ముక్కే జవాబుగా వస్తుంది.

ప్రశ్న: రన్‌వే కొసకు రెండు కిలోమీటర్ల దూరంలో మా ఇల్లు. రాత్రిళ్లు పసిపిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. నివేదికలో మాత్రం శబ్దం పరిమితికి లోబడే ఉందని రాశారు. ఎలా?

ఈ ప్రశ్న వచ్చినన్ని ఉత్తరాలు ఇంక దేని మీదా రాలేదు. మీ పాప నిద్ర చెడుతున్నమాటా నిజమే, నివేదికలో అంకె కూడా నిజమై ఉండొచ్చు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో లెక్క చూపిస్తాం.

మామూలు నివాస ప్రాంతానికి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. విమానాశ్రయ శబ్ద మండలానికి 2018 జూన్‌లో వేరే ప్రమాణాలు వచ్చాయి. ఏడాదికి 50,000 కదలికలు మించిన రద్దీ విమానాశ్రయాలకు పగలు 70, రాత్రి 65. మిగతావాటికి పగలు 65, రాత్రి 60. కదలిక అంటే ఒక దిగడం లేదా ఒక ఎగరడం. ఏడాదికి 50,000 అంటే రోజుకు సుమారు 137. రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా.

ఇందులో మెలిక చూడండి. విస్తరణ వల్ల విమానాశ్రయం ఆ 50,000 గీత దాటిందంటే, మోతతోపాటు అనుమతించే పరిమితి కూడా ఐదు డెసిబెల్స్ పైకి పోతుంది. ఇది ఊళ్లకు అన్యాయమని మా అభిప్రాయం. మోత పెరిగినచోట రక్షణ పెరగాలి గానీ తగ్గకూడదు. కాబట్టి నివేదికలో ఏ వరుస పరిమితితో పోల్చారో, విస్తరణ పూర్తయ్యాక ఏ వరుసలోకి వెళ్తామో అడిగి తీరాలి.

ఇంకో మెలిక సగటుది. ప్రమాణంలోని అంకె రాత్రి ఎనిమిది గంటల శక్తి సగటు. ఒక్క విమానం మీ ఇంటి మీదుగా పోయేటప్పటి మోతనంతా ఒక్క సెకనులోకి కుదిస్తే 95 డెసిబెల్స్ వచ్చిందనుకోండి. అప్పుడు చెవికి తగిలే గరిష్ఠం 85 ప్రాంతంలో ఉంటుంది. ఏ పసిపిల్లకైనా మెలకువ వచ్చే మోత అది. రాత్రిలో అలాంటివి 20 పోతే సగటు ఎంత? డెసిబెల్స్ మామూలు కూడికలా కలవవు, లాగరిథమ్ లెక్కన కలుస్తాయి. 95కు 20 విమానాలకు గాను 13 కలపాలి, 28,800 సెకన్లకు గాను 44.6 తీసేయాలి. వచ్చేది 63.4. రద్దీ విమానాశ్రయమైతే ఇది 65 లోపు, 'పరిమితికి లోబడి ఉంది'. చిన్న విమానాశ్రయమైతే 60 దాటిపోయింది, ఉల్లంఘన. అదే ఇల్లు, అవే విమానాలు. రాత్రి విమానాలు 20 నుంచి 40కి పెరిగినా సగటు మూడే డెసిబెల్స్ పెరిగి 66.4 అవుతుంది. కాగితం మీద మూడు చిన్నదిగా కనబడుతుంది. ఇంట్లో మాత్రం మెలకువలు రెట్టింపు. ఐరోపా కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో విమానాల రాత్రి శబ్దానికి సూచించినది 40.

మూడో మెలిక గాలి దిక్కుది. విమానాలు గాలికి ఎదురుగా ఎగురుతాయి, ఎదురుగానే దిగుతాయి. శంషాబాద్ రన్‌వేల పేర్లు 09, 27. అంటే ఒక ముఖం తూర్పుకు 90 డిగ్రీలు, రెండోది పడమరకు 270. నైరుతి గాలుల కాలంలో విమానాలు తూర్పు నుంచి దిగి పడమరకు లేస్తాయి. ఈశాన్య గాలుల్లో ఇది తిరగబడుతుంది. ఎగిరే విమానం మోత వేరు, దిగే విమానం మోత వేరు. ఒక్క సీజన్‌లో కొలిస్తే రన్‌వేకి ఒక కొసన ఉన్న ఊళ్ల బాధ సగమే నమోదవుతుంది. ఏ చోట ఎంత మోత ఉంటుందో గీతలతో చూపే శబ్ద రేఖల పటం ఇప్పటి విమానాల సంఖ్యకు గీశారా, విస్తరణ పూర్తి సామర్థ్యానికి గీశారా? రెండు దిక్కుల వాడకం ఎంత శాతం చొప్పున తీసుకున్నారు? రాత్రి విమానాలు ఎన్ని? ఈ మూడింటికి జవాబు లేని పటాన్ని తిప్పి పంపమని కమిటీని అడగొచ్చు.

మీ వైపు నుంచి ఒక పట్టిక తయారు చేయండి. వారం రోజులు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా, ప్రతి విమానానికీ సమయం, దిగిందా లేచిందా, గరిష్ఠ అంకె రాయాలి. విమానం పేరు ఫ్లైట్‌రాడార్ 24 యాప్‌లో కనబడుతుంది. ఫోన్ యాప్ కొలతలు ఫోనుకో రకంగా ఉంటాయి. వాటిని సాక్ష్యంగా ఎవరూ ఒప్పుకోరు. నలుగురు కలిసి క్లాస్ 2 శబ్దమాపకం, దాన్ని సరిచూసే కాలిబ్రేటర్‌తో సహా అద్దెకు తెచ్చుకుంటే మేలు. 'ఎ' వెయిటింగ్, 'స్లో' సెట్టింగ్‌లో పెట్టి, నేలకు మీటరున్నర ఎత్తున, గోడలకు కనీసం మూడు మీటర్ల ఎడంగా నిలపాలి. గాలికి మైకు మీద నురుగు తొడుగు తప్పనిసరి. కుక్కల అరుపులు, లారీలు వచ్చిన నిమిషాలను పట్టికలో విడిగా గుర్తుపెట్టండి. అవి కలిసిపోతే మీ పట్టిక మొత్తాన్ని పక్కన పడేస్తారు.

ఇంట్లో ఉపశమనం సంగతి: తెరిచిన కిటికీ మోతను 10 నుంచి 15 డెసిబెల్స్ ఆపుతుంది, సందుల్లేకుండా బిగించి మూసినది 20 నుంచి 25. మన ఎండలకు కిటికీ మూసుకుని పడుకోమనడం అన్యాయం. రేకుల కప్పుల ఇళ్లకైతే ఈ లెక్కలేవీ పనికిరావు. అందుకే బడులకు, ఆసుపత్రులకు కిటికీల మార్పు, పైకప్పు అడుగున పొర, ఫ్యాన్ల ఖర్చు యాజమాన్యం భరించాలని సభలోనే అడగాలి. అమెరికాలో రాత్రి విమానాలకు పది డెసిబెల్స్ అదనంగా కలిపి లెక్కకట్టి, సగటు 65 దాటిన మండలంలో లోపల కూడా 45 మించిన ఇళ్లకు సౌండ్‌ప్రూఫింగ్‌కు ప్రభుత్వ నిధులు ఇచ్చే పద్ధతి ఉంది. మన దగ్గర అలాంటి హక్కు చట్టంలో లేదు, కాబట్టి షరతుగా రాయించుకోవడమే దారి.

ప్రశ్న: మా చెరువు నిండేది పైనున్న చెరువు అలుగు నీటితో. మధ్యలో ఉన్న కాలువ ఇప్పుడు విమానాశ్రయం హద్దులోకి పోతోంది. 'మళ్లిస్తాం' అంటున్నారు. నమ్మొచ్చా?

మళ్లించడం తప్పు కాదు, ఎంత వెడల్పున మళ్లిస్తున్నారన్నదే ప్రశ్న. మూడున్నర కిలోమీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పున్న రన్‌వే ఒక్కటే దాదాపు 39 ఎకరాలు. ఒక్కరోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాని మీద పడే నీరు కోటీ యాభై ఏడు లక్షల లీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో మూడోవంతు పారితే, తారు మీద పదింట తొమ్మిది వంతులు పారుతుంది. అంటే యాభై లక్షల లీటర్ల చోట కోటీ నలభై లక్షలు. రన్‌వేకి వెళ్లే దారులైన ట్యాక్సీవేలు, విమానాలు నిలిపే ఏప్రన్, వాహనాల పార్కింగ్ కలిపితే ఇది ఎన్నో రెట్లవుతుంది.

ఇంజనీర్లు వాడే సూత్రం తేలికైనదే. పారే వంతును గంటకు పడే వాన మిల్లీమీటర్లతో, హెక్టార్లతో గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు వస్తుందో తెలుస్తుంది. గంటకు 100 మిల్లీమీటర్ల వానకు ఆ రన్‌వే ఒక్కదాని నుంచే సెకనుకు నాలుగు ఘనపు మీటర్ల నీరు వస్తుంది. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న తూము నిండుగా పారితే రెండున్నరకు లోపే పోతుంది. అంటే రన్‌వేకే రెండు తూములు కావాలి, అవీ పూడికా గుర్రపుడెక్కా లేకుండా ఉంటేనే. నివేదికలో ఎంత వానకు డిజైన్ చేశారో చూడండి. ఏడాది మొత్తం వానను నెలలకు పంచి సగటు వేసిన లెక్క కాలువ డిజైన్‌కు పనికిరాదు. మీ ప్రాంతంలో ఇరవై అయిదేళ్లకో, యాభై ఏళ్లకో ఒకసారి వచ్చే గంట వాన కావాలి.

ఇది పాటించని చోట విమానాశ్రయమే మునుగుతుంది. కొచ్చి విమానాశ్రయం 2018 ఆగస్టు 15 నుంచి 29 దాకా మూతబడింది. పెరియార్ నది వరద ఒకవైపు, రన్‌వే కోసం పాత దారి మూసిన చెంగల్ తోడు అనే వాగు ఇంకోవైపు దాన్ని ముంచాయి. తరువాత 'ఆపరేషన్ ప్రవాహ్' పేరుతో చుట్టుపక్కల వాగులన్నీ తవ్వి వెడల్పు చేయాల్సి వచ్చింది. చెన్నైలో రెండో రన్‌వేని అడయారు నది మీద వంతెన కట్టి వేశారు. 2015 డిసెంబరు మొదటి వారంలో నది పొంగి విమానాశ్రయం రోజుల తరబడి ఆగిపోయింది.

గొలుసుకట్టు చెరువుల ఊళ్లలో ఇంకో సంగతి చూడాలి. వరద నీరు పోవడానికి దారి చూపితే చాలదు, మీ చెరువుకు రావాల్సిన నీరు రావాలి. మళ్లింపు కాలువ కొస మీ చెరువులోకే కలుస్తోందా, ఊరు దాటి వాగులో కలుస్తోందా? కాలువ అడుగు మట్టం మీ తూము మట్టం కన్నా కిందికి పోతే నీరు ఎక్కదు. నీటిపారుదల శాఖ చేత చెరువు పూర్తి నీటి మట్టం, అలుగు ఎత్తు కొలిపించి, ఆ అంకెలు మళ్లింపు పటంలో వేయమని అడగండి. ఇంధనం నింపే చోటు నుంచి వచ్చే వాన నీరు నూనె వేరుచేసే తొట్టి దాటాకే కాలువలోకి రావాలి. ఆ తొట్టి ఎక్కడుందో పటంలో చూపించమనండి.

ప్రశ్న: మాకు పట్టా భూమి రెండెకరాలు, మా తమ్ముడిది కౌలు సేద్యం. ఏం వస్తుంది?

2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువను పల్లెల్లో ఒకటి నుంచి రెండు మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, దానికి అంతే మొత్తం సొలేషియం, అంటే భూమి పోయినందుకు ఓదార్పుగా ఇచ్చే అదనపు సొమ్ము, కలుపుతారు. రెండెకరాల మార్కెట్ విలువ 40 లక్షలు, గుణకం 1.25 అనుకుంటే 50 లక్షలు, సొలేషియంతో కోటి. నోటిఫికేషన్ నుంచి అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, దాకా ఏడాదికి 12 శాతం చొప్పున మార్కెట్ విలువ మీద అదనం. మార్కెట్ విలువ తేలేది గత మూడేళ్ల రిజిస్టర్డ్ అమ్మకాలలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు మీద, లేదా ప్రభుత్వ విలువ మీద, ఏది ఎక్కువైతే అది. పల్లెల్లో దస్తావేజుల్లో తక్కువ రాసుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. సబ్ రిజిస్ట్రార్ దగ్గర చుట్టుపక్కల దస్తావేజుల నకళ్లు తీసి, బోరు, చెట్లు, పశువుల పాక విలువను విడిగా లెక్కకట్టించండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోగా అభ్యంతరం రాతపూర్వకంగా వేయాలి.

కౌలుదారుకు సాధారణంగా భూమి పరిహారం రాదు. కానీ మూడేళ్లుగా ఆ భూమే జీవనాధారమైతే 'ప్రభావిత కుటుంబం' కిందికి వస్తాడు. ఉద్యోగం, లేదా ఒకేసారి ఐదు లక్షలు, లేదా ఇరవై ఏళ్ల పాటు నెలనెలా భృతి లాంటి పునరావాస హక్కులు వర్తిస్తాయి. రుజువు లేకపోవడమే కౌలుదార్ల కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కు కార్డు, ఈ-పంట నమోదు, ధాన్యం అమ్మిన రసీదులు ఇప్పటినుంచే పోగు చేయండి.

రెండు రాష్ట్రాలూ ఈ చట్టానికి సవరణలు చేసుకున్నాయి. కొన్ని ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండానే సేకరించే వీలు, మొత్తం ఒక్కసారిగా మాట్లాడుకుని ఒప్పందం చేసుకునే వీలు వచ్చాయి. ఒప్పందం మీద సంతకం పెడితే పునరావాస హక్కులు అందులో కలిసిపోయాయా, విడిగా వస్తాయా అన్నది ఆ కాగితంలోనే చూడాలి. విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయం కోసం మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట వాసులను గూడెపువలస, లింగాలవలస కాలనీలకు తరలించారు. ఇలాంటి తరలింపు మీ ఊరికీ ఉంటే, ఇంటి స్థలంతోపాటు శ్మశానం, పశువుల మేత బీడు, గుడి, బడి, పొలానికో సముద్రానికో వెళ్లే దారి సర్వే నంబర్లతో సహా రాయించుకున్నాకే ఇల్లు ఖాళీ చేయండి.

ప్రశ్న: అనుమతి వచ్చేసిందట. ఇక చేసేదేమైనా ఉందా?

ఉంది, గడువు మాత్రం చాలా తక్కువ. అనుమతి వచ్చిన ఏడు రోజుల్లో యాజమాన్యం రెండు పత్రికల్లో ప్రకటించాలి. ఆ ఉత్తర్వు తెలిసిన 30 రోజుల్లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు దాకా ఒప్పుకోవచ్చు. తొంభై ఒకటో రోజు వెళ్తే వినే అధికారమే వాళ్లకు లేదు. మనకు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం అడగని కేసుకు రుసుము వెయ్యి రూపాయలు. అనుమతిని కాకుండా షరతుల ఉల్లంఘనను ప్రశ్నించాలంటే కారణం పుట్టిన ఆరు నెలల్లో, నష్టపరిహారం అడగాలంటే ఐదేళ్లలో వేరే సెక్షన్ల కింద వెళ్లొచ్చు.

కోర్టు దాకా పోని దారి కూడా ఉంది. అనుమతి పొందినవాళ్లు ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతుల అమలు నివేదిక పెట్టాలి. అది బహిరంగ పత్రం. ప్రతి షరతు పక్కన 'పాటిస్తున్నాం' అని ఉంటుంది. ఒక్కో వరుసను నేల మీదికి వెళ్లి సరిచూసి, తేడా ఉన్నవాటినే రాసి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. ఆరు నెలలకోసారి క్రమం తప్పకుండా పంపే ఊరి ఉత్తరాలు, తరువాత విస్తరణకు వచ్చినప్పుడు ఆ ఫైల్లోనే ఎదురుగా ఉంటాయి.

ప్రశ్న: విమానాశ్రయానికి మూడు కిలోమీటర్ల దూరంలో మేడ మీద ఇంకో అంతస్తు వేసుకోవచ్చా? ఊరి చెత్త కుప్ప తీసేయమని నోటీసు కూడా వచ్చింది.

మున్సిపాలిటీ దగ్గర విమానాశ్రయాల సంస్థ ఇచ్చిన, ఎక్కడ ఎంత ఎత్తు కట్టొచ్చో చూపే రంగుల పటం ఉంటుంది. మీ స్థలం పడిన గడిలోని ఎత్తు సముద్ర మట్టం నుంచి లెక్క, నేల నుంచి కాదు. అందులోంచి మీ నేల మట్టం తీసేస్తే మిగిలేదే కట్టుకోదగ్గ ఎత్తు, నీళ్ల ట్యాంకూ మెట్ల గదీ కలుపుకుని. ఎరుపు గడిలో అయితే ఎత్తు ఎంతైనా సరే విమానాశ్రయాల సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. రన్‌వే పొడిగించాక పటం మారుతుంది, పాత పటం చూసి పునాది వేయకండి.

చెత్త నోటీసు చట్టబద్ధమే. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపల బయట చెత్త పోయడం, పశువులను కోయడం పక్షులు చేరతాయన్న కారణంతో నిషిద్ధం. అయితే మూసిన షెడ్డు, రోజువారీ తరలింపు ఏర్పాటుకు పంచాయతీ నిధులు అడగొచ్చు. విస్తరణ ప్రణాళికలో దాని ఖర్చు చేర్పించడం న్యాయమే.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. పొలం నా పేరు మీద ఉంది. ఇక్కడినుంచి అభ్యంతరం పెట్టొచ్చా?

పర్యావరణ అభ్యంతరానికి ఇబ్బంది లేదు. సంబంధం ఉన్న ఎవరైనా రాతపూర్వకంగా కాలుష్య నియంత్రణ మండలికి పంపొచ్చు, ప్రకటనలో ఇచ్చిన చిరునామాకు గడువులోగా చేరాలి. భూమి విషయానికి మాత్రం ఇక్కడ మీ తరఫున సంతకం పెట్టేవాళ్లు కావాలి. పవర్ ఆఫ్ అటార్నీని అక్కడ నోటరీ చేయించి, ఆ రాష్ట్ర కార్యదర్శి కార్యాలయంలో అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ ముద్ర, వేయించండి. కాగితం ఇండియాకు అందిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు సుంకం కట్టించాలి. దస్తావేజులో 'భూసేకరణ అధికారి ముందు హాజరు, అభ్యంతరం, పరిహారం స్వీకరణ' అని విడివిడిగా రాయించండి. 'పొలం వ్యవహారాలన్నీ' అని ఒక్క మాటలో రాస్తే పరిహారం చెక్కు దగ్గర ఆగిపోతుంది.